జింకను కాలిస్తే చేను దక్కదు

రైల్వేకోడూరులో బొప్పాయి కాటా దగ్గర నిలబడినా, మంగంపేటలో ముగ్గురాయి లారీల పక్కన టీ తాగుతున్నా, అటు కర్నూలు జిల్లా ఆలూరు, ఆస్పరి వైపు శనగ చేల గట్ల మీద కూర్చున్నా ఇప్పుడు ఒకటే మాట చెవిన పడుతోంది. జింకల వేటకు ప్రభుత్వం అనుమతి ఇవ్వాలట. మొదట ఇది కడుపు మండిన రైతు నోట వచ్చిన మాట. ఇప్పుడు సెంటు చేను లేనివాళ్లు కూడా అంటున్నారు. సెలవులకు అమెరికా నుంచి వచ్చినవాళ్లు ఫోనులో వేట ఫొటోలు చూపిస్తూ మరీ అంటున్నారు. గాలి ఎటు వీస్తే ఎటు మాటేయాలో, ఏ చెలమకు ఏ జాములో దుప్పి దిగుతుందో చెప్పే కుర్రాళ్లు ఊరికో గుంపు తయారయ్యారు. వాళ్లకు ఈ మాట పండగలా ఉంది.

వాదనను ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. విత్తిన పది పదిహేను రోజులకే మంద దిగి మొలక కొరికేస్తుంది. అప్పు తెచ్చేది రైతు, మేసేది జింక, కేసు పడేది మళ్లీ రైతు మీదే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకలు పెరిగాయి, వాటిని అదుపు చేసే దారి మూసుకుపోయింది. మన తాతలు వేటాడారు, అయినా అడవి బతికే ఉంది. అమెరికాలో ఏటా లైసెన్సులిచ్చి వేటాడిస్తారు, అయినా అక్కడ జింకలకు కొదవ లేదు. దొంగచాటుగా ఎలాగూ జరుగుతున్నదాన్ని పద్ధతిలో పెడితే ఖజానాకు రాబడి, రైతుకు ఊరట.

ఇందులో పంట నష్టం గురించి చెప్పింది అక్షరాలా నిజం. దాని మీద కట్టిన మిగతా వాదనే తప్పు. అది మామూలు తప్పు కాదు, రైతుకే ఎసరు పెట్టే తప్పు.

1. నష్టం ఒకరిది, కోరిక ఇంకొకరిది

కోడూరు వైపు అడవి అంచు తోటలకు పాత చీరలు కట్టి ఉంటాయి. కర్నూలు వైపు బుడ్డల చేలో రాత్రంతా టార్చి పట్టుకుని తిరిగి, తెల్లవారుజామున కన్ను మూతపడిన ఆ ఒక్క గంటలో రెండు మడులు పోగొట్టుకున్న రైతులు ఉన్నారు. మంద మేసింది కొంతైతే తొక్కింది అంతకు రెట్టింపు. ఆ నష్టాన్ని చిన్నచూపు చూసేవాళ్లతో నాకు పొత్తు లేదు.

కానీ ఒక సంగతి చూడండి. 2025 ఫిబ్రవరిలో, శివరాత్రికి ముందు, మంగంపేట ఉన్న ఈ ఓబులవారిపల్లె మండలంలోనే గుండాలకోన దారిలో ఏనుగులు ముగ్గురు భక్తుల ప్రాణం తీశాయి. అరటి తోటల మీద పడి అవి చేసే నష్టం జింకలు చేసేదానికి ఎన్నో రెట్లు. అయినా ఏనుగులను కాల్చడానికి లైసెన్సు ఇవ్వమన్న మాట నేను ఈ చుట్టుపక్కల వినలేదు. తరమమన్నారు, కందకం తవ్వమన్నారు, పరిహారం ఇవ్వమన్నారు. మనుషుల ప్రాణాలు తీసిన జంతువు విషయంలో ఇంత నిదానంగా ఆలోచించగలిగినవాళ్లం, మొలక కొరికిన జంతువు దగ్గరికి వచ్చేసరికి నేరుగా తుపాకి దగ్గరికి ఎందుకు పోతున్నాం? జింక మాంసం తింటారు, ఏనుగు మాంసం తినరు. తేడా అంతే.

దీన్ని పరీక్షించడం తేలిక. చట్టంలో ఇప్పటికే ఒక దారి ఉంది. సెక్షన్ 11 కింద రెండో షెడ్యూలు జంతువులు పంటకు ప్రమాదమైతే వాటి వేటకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కారణాలు రాసి అనుమతి ఇవ్వొచ్చు. కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది కాబట్టి పంట కారణంగా దాన్ని చంపడానికి వీల్లేదు. అనుమతితో చంపిన జంతువు కూడా సెక్షన్ 39 ప్రకారం ప్రభుత్వ ఆస్తి. తోలు, కొమ్ము, ముక్క ఏదీ కాల్చినవాడి ఇంటికి రాదు. ఆ షరతు మీద, కేవలం పక్కవాడి పంట కోసం, రాత్రిపూట కొండకు వచ్చేవాళ్లు ఎంతమంది? చేయి ఎత్తమనండి. రైతు పేరు చెప్పి అడుగుతున్నది రైతు కోసం కాదని అక్కడికక్కడే తేలిపోతుంది.

2. కాలిస్తే మంద తగ్గదు

అసలు ఏ జింక గురించి మాట్లాడుతున్నాం? మంగంపేట వెనక కొండల్లో ఉండేవి చుక్కల దుప్పి, కణితి, కొండగొర్రె. అడవి అంచున రాత్రిపూట దిగి, తెల్లారేలోగా మళ్లీ చెట్లలోకి పోతాయి. పైగా ఇక్కడ తోటలను ఎక్కువ పాడుచేసేది అడవిపంది. ఆలూరు, ఆస్పరి మైదానంలో ఉండేది కృష్ణజింక. అది దట్టమైన అడవిలో ఉండదు, బీడులోనే పుట్టి బీడులోనే పెరుగుతుంది. పట్టపగలు మందగా తిరుగుతుంది. రెండు చోట్ల రెండు వేరు సమస్యలు. రెండింటికీ ఒకే తుపాకిని మందుగా రాసిచ్చేవాళ్లు ఈ రెండు చేలలో దేన్నీ సరిగ్గా చూడలేదు.

ఇక వేటగాడి గురి ఎటు ఉంటుంది? కొమ్ము మీద. కృష్ణజింకల్లో మెలి తిరిగిన పొడవాటి కొమ్ములు, నల్లని వీపు మగదానివి. మందలో ఎక్కువగా ఉండేవి ఆడవి, పిల్లలు. ఒక మగది ఎన్నో ఆడవాటితో జతకడుతుంది. పది మగవాటిని పడగొట్టినా మిగిలినవి చాలు, మరుసటి ఏడాది అన్నే పిల్లలు పుడతాయి. కొమ్ములున్నవాటిని కాలిస్తే వేటగాడికి ఫొటో దక్కుతుంది కానీ చేను మీదికి వచ్చే నోళ్లు తగ్గవు. మంద నిజంగా తగ్గాలంటే ఆడవాటిని చంపాలి. అక్కడ ఇంకో చిక్కు. కృష్ణజింకకు ఈనే కాలమంటూ ఒకటి లేదు, ఏడాది పొడుగునా పిల్లలు పుడుతూనే ఉంటాయి. తల్లి పిల్లను గడ్డిలో దాచి మేతకు పోతుంది. ఏ నెలలో తలుపులు తెరిచినా చూలుదాన్నో, పిల్లతల్లినో చంపకుండా ఆ వేట సాగదు. వేట సీజను పెట్టమంటున్నవాళ్లు ఏ నెలలో పెట్టాలో ముందు చెప్పాలి.

చంపి చూసిన రాష్ట్రం లేకపోలేదు. 2015 డిసెంబరులో కేంద్రం బిహార్‌లోని కొన్ని జిల్లాల్లో నీల్‌గాయిలను హానికర జంతువులుగా ప్రకటించింది. 2016 జూన్‌లో మొకామా దగ్గర కొన్ని రోజుల్లోనే రెండు వందలకు పైగా నీల్‌గాయిలను కాల్చారు. కాల్చడానికి వెళ్లింది మన హైదరాబాద్ షూటర్లే. కేంద్ర మంత్రులే దాని మీద ఒకరినొకరు బహిరంగంగా తప్పుపట్టుకున్నారు. పదేళ్లు అవుతోంది. సమస్య తీరలేదు సరికదా, అక్కడి ప్రభుత్వం మళ్లీ మళ్లీ షూటర్లను పిలవాల్సి వస్తోంది. చేను చుట్టూ కంచె లేనంతకాలం, పక్కన మేతకు బీడు లేనంతకాలం, పోయినవాటి చోటికి కొత్తవి వస్తూనే ఉంటాయి.

బీడు ఏమైందో కూడా మాట్లాడుకోవాలి. ఊరి పశువులు, జింకలు, గొర్రెలు కలిసి మేసిన రాళ్ల బీళ్లు ఒక్కొక్కటే దున్నకాల కిందికో, క్వారీల కిందికో, ప్లాట్ల కిందికో పోయాయి. గని–శకునాల దగ్గర సోలార్ పార్కు ఒక్కటే 5,900 ఎకరాలకు పైగా తీసుకుంది. మంగంపేటలోనే చూడండి, ముగ్గురాయి కోసం తవ్విన గొయ్యి, దాని చుట్టూ పోసిన మట్టి దిబ్బలు, తెల్లటి దుమ్ము కక్కే పొడి మిల్లులు కలిసి ఎంత నేల మింగాయో. ఈ తవ్వకాలు వద్దని నేను అనడం లేదు. కూలి దొరికే చోటు అదే. కానీ నేలంతా మనం తీసుకుని, మిగిలిన కాస్త పచ్చదనం మన చేలోనే ఉంటే, జంతువు అక్కడికి రావడాన్ని జనాభా పెరుగుదల అనకూడదు.

రోళ్లపాడు సంగతి ఇక్కడ చెప్పకపోతే నా వాదన నిజాయతీగా ఉండదు. బట్టమేక పిట్ట కోసం 1988లో 614 హెక్టార్లలో అభయారణ్యం పెట్టారు. కంచె లోపల గడ్డి పెరిగింది, కృష్ణజింకలు కూడా పెరిగాయి. పెరిగినవి చుట్టుపక్కల చేలల్లో పడ్డాయి. నష్టపోయిన రైతుకు సమయానికి ఎవరూ రూపాయి ఇవ్వలేదు. దాంతో జింక మీద మొదలైన కోపం అభయారణ్యం మీదికి, చివరికి పిట్ట మీదికి మళ్లింది. ఇవాళ అక్కడ బట్టమేక పిట్ట దాదాపు కనుమరుగైంది. జంతువును కాపాడి రైతును గాలికి వదిలేస్తే ఏమవుతుందో రోళ్లపాడు చూపించింది. వేట కోరేవాళ్లు ఇదే ఉదాహరణ ఎత్తుతారు. కానీ అక్కడ కరువైంది తుపాకి కాదు, పరిహారం. ఆ ఖాళీ పూడ్చమని అడగాల్సింది పోయి తూటా అడుగుతున్నారు.

3. అమెరికాను సగమే చూపిస్తున్నారు

అమెరికా పోలిక తెచ్చేవాళ్లు సగం కథ దగ్గరే ఆపేస్తారు. 1900 నాటికి అక్కడ తెల్లతోక జింకలు ఐదు లక్షల లోపుకు పడిపోయాయి. కారణం వేట, ముఖ్యంగా మాంసం అంగళ్ల కోసం చేసిన వేట. వాళ్లు మేల్కొని మొదట చేసింది ఆ వ్యాపారం గొంతు నొక్కడం. 1900లో లేసీ చట్టం తెచ్చారు. వేటాడిన అడవి జింక మాంసాన్ని అమ్ముకోవడం ఇవాళ్టికీ అక్కడ నేరమే. 1937లో తుపాకులు, తూటాల మీద వచ్చే పన్ను డబ్బును వన్యప్రాణులకే కేటాయించారు. చాలా రాష్ట్రాల్లో కాల్చిన ప్రతి జింకకూ ట్యాగు కట్టాలి. ఆడజింకకు వేరే పర్మిటు. పిల్లలు ఎక్కువగా వేసవి మొదట్లో పుడతాయి, వేట ఆకురాలే కాలంలో. ఒక్కో ఈతకు రెండు పిల్లలు అక్కడ మామూలు. మన కృష్ణజింక, మన దుప్పి సాధారణంగా ఒక్కదాన్నే ఈనుతాయి. తూర్పు రాష్ట్రాల్లో తోడేళ్లను వాళ్లే ఎప్పుడో తుడిచిపెట్టుకున్నారు, ఆ పని మనిషి చేయాల్సి వచ్చింది. మన శేషాచలంలో చిరుత ఉంది, రేసుకుక్క ఉంది. వాటి నోటి కూడు మనం లాక్కుంటే ఆకలితో అవి వెతుక్కునేది మన మేకల దొడ్డినే.

ఇంత పద్ధతి ఉన్నా అక్కడ సమస్య తీరిందా? ఏటా అరవై లక్షల దాకా జింకలను వేటాడే దేశం అది. అయినా మూడు కోట్ల దాకా ఉన్నాయి. రైతులు పంట పోయిందని మొత్తుకుంటూనే ఉన్నారు. జింకలను గుద్దుకుని ఏటా పది లక్షలకు పైగా వాహనాలు దెబ్బతింటున్నాయి. వేటతో పంట దక్కుతుందన్న మాటకు అమెరికా సాక్ష్యం చెప్పదు, ఎదురు సాక్ష్యం చెబుతుంది.

కొందరు టెక్సస్‌లో కృష్ణజింకనే కాల్చామని ఫొటోలు తెస్తున్నారు. అది నిజమే అయ్యుంటుంది. 1930ల్లో మన జింకలను తీసుకెళ్లి అక్కడ వదిలారు. ఇప్పుడవి ఎత్తు కంచెల వెనక, ప్రైవేటు రాంచ్‌లలో, యజమానికి డబ్బు కట్టినవాళ్లు కాల్చుకునే సరుకు. మన ఆలూరు చేలలో తిరిగేది ఎవరి సొంత సరుకూ కాదు. ఆంధ్రప్రదేశ్ తన రాష్ట్ర జంతువుగా ఎంచుకున్న జీవి అది.

4. తాతల పేరు వాడుకోవద్దు

తాతలు వేటాడారు, నిజం. వాళ్ల చేతిలో ఎల్‌ఈడీ లైటు, మోటారు సైకిలు, వాట్సాప్ లేవు. తాతల కాలంలో ఏదీ అంతరించలేదన్నది మాత్రం అబద్ధం. చీతా అంతరించిందని 1952లో ప్రభుత్వమే ప్రకటించింది. దాని వెనకే కృష్ణజింక కూడా పోయే దారిలో ఉంటే 1972 చట్టం ఆపింది.

సీమ సంస్కృతి అంటారా, అహోబిలం పారువేట సీమది కాదా? కనుమ నాడు మొదలై నలభై రోజులకు పైగా నరసింహస్వామి పల్లకి ఊరూరా తిరుగుతుంది. చెంచులక్ష్మిని పెళ్లాడిన అల్లుడిగా స్వామి వస్తాడని జనం ఎదురుచూస్తారు. పేరు వేట, ప్రాణం మాత్రం ఒక్కటీ పోదు. తిరుమలలో కనుమ నాటి పార్వేట కూడా అంతే, ఈటె విసిరే లాంఛనం తప్ప నెత్తురు ఉండదు. ఎన్నో తరాల కిందటే మన పెద్దలు వేటను ఉత్సవంగా మార్చుకుని పెట్టారు. దాన్ని వెనక్కి తిప్పి ఆచారమని పేరు పెట్టడం ఆ పెద్దలకే అవమానం.

రాజస్థాన్‌లో బిష్ణోయీలు ఉన్నారు. 1730లో ఖేజర్లీలో చెట్లను కౌగిలించుకుని 363 మంది ప్రాణాలిచ్చిన జనం. 1998లో కాంకాణీ దగ్గర కృష్ణజింకలు చచ్చిపడితే సినిమా తార అని జంకకుండా సాక్ష్యం చెప్పారు. ఇరవై ఏళ్లు పట్టువదలలేదు కాబట్టే 2018లో జోధ్‌పూర్ కోర్టు సల్మాన్ ఖాన్‌కు ఐదేళ్ల శిక్ష వేసింది. ఆయన అప్పీలుకు వెళ్లారు, అది వేరే సంగతి. వాళ్లదీ ఎడారి అంచు, వాళ్లవీ వాన మీద ఆధారపడిన చేలే.

తాతల పేరు చెప్పేవాళ్లు గిరిజనుల పేరు కూడా అడ్డం పెట్టుకుంటారు. యానాదుల, చెంచుల వేట హక్కు కోసం ఎప్పుడూ నోరెత్తనివాళ్లు ఇప్పుడు వాళ్ల తరఫున కన్నీరు పెడుతున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం ఎన్నో సంప్రదాయ హక్కులు ఇస్తూనే వేటను స్పష్టంగా మినహాయించింది. తుపాకి లైసెన్సు వస్తే అది యానాది గుడిసెకు రాదు. డబ్బు, పలుకుబడి ఉన్నవాడి ఇంటికి వస్తుంది. ఇప్పుడు జరుగుతున్నదీ అదే వరస: ఉచ్చు పెట్టినవాడు జైలుకు పోతాడు, విందులో తిన్నవాడు ఇంటికి పోతాడు.

గిరిజనుల నేర్పుకు గౌరవం ఇవ్వాలంటే దారి ఉంది. 1986లో కడప జిల్లాలో, అంతరించిందనుకున్న కలివికోడి మళ్లీ లోకానికి కనబడింది ఒక స్థానిక వేటగాడి చలవతోనే. శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వెతికినదాన్ని, రాత్రి లైటు వేసి పట్టుకోగలిగినవాడు ఆయన. ఆ ఒక్క పిట్ట వల్లే లంకమలలో అభయారణ్యం వచ్చింది. నల్లమలలో ఇవాళ చెంచులు బేస్ క్యాంపుల్లో కాపలా ఉంటున్నారు. అడుగుజాడ చదవడం తెలిసినవాళ్లకు నెల జీతం ఇచ్చి నిలబెట్టమని అడగండి.

5. "ఎలాగూ జరుగుతోంది కదా"

ఎలా జరుగుతోందో దగ్గరగా చూడాలి. పాత బైకు క్లచ్ వైరు చాలు. ఒక కొసన ముడి, రెండో కొస గూటానికో చెట్టు మొదలుకో. కంచెలో జంతువు దూరే సందు చూసి, మోకాలి ఎత్తున వేలాడదీస్తారు. కాలో మెడో దూరితే ముడి బిగుస్తుంది. లాగే కొద్దీ తీగ చర్మం కోసి, కండరం కోసి, ఎముక దాకా దిగుతుంది. పెట్టినవాడు తెల్లారి వచ్చేదాకా అది చావదు. ఆ ఉచ్చుకు దుప్పి, చిరుత అన్న తేడా తెలియదు. మీ ఇంటి కుక్క, పక్కవాడి మేకపోతు పడినా అదే గతి. కరెంటు తీగ లాగితే నీళ్లు కట్టడానికి వచ్చిన పక్క చేను రైతు కాలే ముందు తగులుతుంది. పంది కోసం మేతలో పెట్టిన నాటుబాంబుకు ఆవు దవడ ఎగిరిపోతుంది.

ఇప్పుడు చెప్పండి, లైసెన్సు ఇస్తే ఈ ఉచ్చుల్లో ఏది ఆగుతుంది? ఉచ్చు పెట్టేవాడికి తుపాకి కొనే స్తోమత లేదు. వాడి పని అలాగే సాగుతుంది. తేడా ఒకటే, ఇప్పటిదాకా జింక మాంసం దొరికితే నేరమని తెలిసిపోయేది. లైసెన్సు మాంసం ఒకటంటూ వచ్చాక దొంగ మాంసం దాని పక్కన చేరిపోతుంది. హైదరాబాద్ సీసీఎంబీ వాళ్లు ముక్క చూసి అది ఏ జంతువుదో డీఎన్ఏతో చెప్పగలరు. దానికి లైసెన్సు ఉందో లేదో ఏ డీఎన్ఏ చెబుతుంది? మొదటి షెడ్యూలు జంతువును చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. ఆ భయం ఒక్క రసీదు కాగితంతో ఆవిరైపోతుంది.

ఇంకో మాట, ఇది సీమ అని మరచిపోవద్దు. నాటు తుపాకి, నాటుబాంబు ఎన్ని ఇళ్లల్లో దీపాలు ఆర్పాయో పల్లెపల్లెకూ తెలుసు. ఆ చేతులు దించడానికి ఒక తరం పట్టింది. శేషాచలంలో ఎర్రచందనం పేరుతో ఏం జరిగిందో కూడా గుర్తుంది. 2015 ఏప్రిల్ 7న ఆ కొండల్లో ఒకే రోజు 20 మంది కూలీలు పోలీసు తూటాలకు కూలిపోయారు. అలాంటి కొండల్లోకి, రాత్రిపూట, చేతిలో తుపాకితో మన పిల్లలను పంపుతామంటున్నారు. చెట్టు చాటున కదిలింది జింకో, కూలో, టాస్క్‌ఫోర్స్ కానిస్టేబులో ఎవరు ముందు తేల్చుకుంటారు?

6. అడగాల్సింది ఇది

పంటల బీమాలో ఒక తలుపు తెరుచుకుంది. అడవి జంతువుల వల్ల పోయిన పంటకు ఖరీఫ్ 2026 నుంచి ప్రధానమంత్రి ఫసల్ బీమా కింద రక్షణ ఇస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లో ఫొటోలతో యాప్‌లో చెప్పాలి. ఏ జంతువులు, ఏ జిల్లాలు అన్న జాబితా మాత్రం రాష్ట్ర ప్రభుత్వమే నోటిఫై చేయాలి. కర్నూలుకు కృష్ణజింక, కడప కొండ అంచుకు అడవిపంది, దుప్పి, ఏనుగు ఆ జాబితాలో ఉండాలి. స్మార్ట్ ఫోను వాడటం రాని రైతు తరఫున ఫిర్యాదు ఎక్కించే బాధ్యత రైతు సేవా కేంద్రం సిబ్బందికి అప్పగించాలి. మొలక దశలో పోయినదానికి మొలక దశలోనే డబ్బు పడాలి. కోతల తర్వాత వచ్చే పరిహారంతో మళ్లీ విత్తలేరు.

మైదానంలో మరీ ఎక్కువైన మందలను బతికుండగానే తరలించొచ్చు. 2025లో మధ్యప్రదేశ్ హెలికాప్టరుతో మళ్లించి, బోమా ఆవరణల్లోకి తోలి, వందల కృష్ణజింకలను పొలాల నుంచి రక్షిత ప్రాంతాలకు చేర్చింది. మనకు ఆ ఖర్చు ఎక్కువ అనిపిస్తే, ఏటా పంట పోయి రైతు మీద పడే అప్పుల లెక్కతో ఒకసారి పోల్చి చూడాలి. సోలార్ కంచెకు ఒక్కొక్క రైతుకు విడివిడిగా సబ్సిడీ ఇస్తే జింక పక్క చేలో దిగుతుంది. పది పదిహేను మంది చేలు కలిపి ఒకే కంచెగా వేస్తేనే అది పనిచేస్తుంది. మిగిలిన బీళ్లను బంజరు లెక్కలో రాసి పంచేయడం ఆపాలి. గనుల రాయల్టీతో పాటు జిల్లా ఖనిజ నిధికి చేరే డబ్బులో కొండ అంచు తోటల కంచెలకు వాటా అడిగే హక్కు మంగంపేట చుట్టుపక్కల ఊళ్లకు ఎవరికన్నా ఎక్కువగా ఉంది.

గ్రామసభల్లో వేట తీర్మానాలు రాయిస్తున్న నాయకులు ముందు ఆ బీమా జాబితాలో తమ జిల్లా పేరు, తమ ఊరి పంట తినే జంతువు పేరు ఎక్కించి రావాలి. దానికి చట్టం మార్చనక్కర్లేదు, తూటా ఖర్చు కాదు, ఒక్క నోటిఫికేషను చాలు. అది చేయించలేనివాళ్ల నోట రైతు పేరు, తుపాకి పేరు ఒకే వాక్యంలో వినడానికి నేను ఒప్పుకోను.